వెయ్యి అడుగుల తేడా: జాషువా ట్రీ ఎడారిలో ఒక రోజు నడక

(దక్షిణ కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబాల శీతాకాల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పిల్లలు ముందు వరసలోనే కూర్చున్నారు, చాలా సంతోషం. ఇవాళ నేను చెప్పబోయే నడకలు వాళ్ళ కాళ్ళకి సరిపోయేవే.

మనలో ఎక్కువమందికి ఎడారి అంటే లాస్ వేగాస్ వెళ్ళేటప్పుడు కారు అద్దంలోంచి కనబడేది. ఎప్పుడు దాటేస్తామా అని చూస్తాం. మధ్యలో బార్‌స్టోలో ఆగి, కాఫీ తాగి, మళ్ళీ బయల్దేరతాం. కారులో కూర్చుని ఆ వేగంతో చూస్తే ఎడారి అంతా ఒకేలా ఉంటుంది. దాన్ని సరిగ్గా చూడాలంటే కొంచెం ఎత్తుకి ఎక్కాలి. మరీ ఎత్తు అక్కర్లేదు. పొద్దున ఒక గుట్ట, సాయంత్రం ఒక గుట్ట ఎక్కితే చాలు. వెయ్యి, రెండు వేల అడుగుల తేడాకే అక్కడ చెట్టు, రాయి, గాలి అన్నీ ఎలా మారిపోతాయో మన కళ్ళకే కనబడుతుంది. ఆ మాట చెప్పడానికే ఇవాళ వచ్చాను.

నేను చెప్పే చోటు జాషువా ట్రీ నేషనల్ పార్క్. లాస్ ఏంజిలిస్ నుంచి తూర్పుకి రెండున్నర గంటల ప్రయాణం. దాదాపు 8 లక్షల ఎకరాలు. 1936లో నేషనల్ మాన్యుమెంట్ అయింది, 1994లో నేషనల్ పార్క్ అయింది. అందులో రెండు ఎడారులు కలుస్తాయి. పైన, అంటే సుమారు 3,000 అడుగులు దాటిన చోట, మొహావీ ఎడారి. దాని కింద కొలరాడో ఎడారి, అది సొనోరన్ ఎడారిలో ఒక భాగం. పార్కు మొత్తంలో అన్నిటికన్నా ఎత్తైన క్వెయిల్ మౌంటెన్ కూడా 5,813 అడుగులే. పక్కనే 11,503 అడుగుల శాన్ గొర్గోనియో మంచు టోపీతో నిలబడి ఉంటే, ఈ గుట్టల్ని ఎవరు లెక్కచేస్తారు అనిపిస్తుంది. కానీ ఎడారి సంగతులు చెప్పేవి ఈ గుట్టలే.

ముందు కాలం గురించి. మన ఇళ్ళల్లో అమ్మానాన్నలు ఇండియా నుంచి ఎప్పుడొస్తారు? మే, జూన్‌లో. పిల్లలకి సెలవులని, గ్రాడ్యుయేషన్లని. అప్పుడు ఊళ్ళన్నీ తిప్పుతూ ఎడారికి కూడా తీసుకెళ్దామని చూస్తాం. దయచేసి ఆ పని చేయకండి. వేసవిలో అక్కడ 38 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలు విషయం. ఈ పార్కులో నడవడానికి మంచి కాలం అక్టోబరు చివర నుంచి ఏప్రిల్ దాకా. డిసెంబరు, జనవరిలో పగలు 15 డిగ్రీల దగ్గర ఉంటుంది, రాత్రి నీళ్ళు గడ్డకడతాయి. అయితే పగలు పది గంటలే. ఆరూ ముప్పావుకి తెల్లవారితే అయిదు కాకముందే పొద్దు గుంకుతుంది. అందుకని ఇంట్లోంచి తెల్లవారుజామున మూడున్నరకల్లా బయల్దేరాలి. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతారు, వాళ్ళకేం ఇబ్బంది లేదు.

మొదటిది రయన్ మౌంటెన్. 5,457 అడుగులు. ఎక్కడం ఒకటిన్నర మైలు, దిగడం ఒకటిన్నర మైలు. కారు ఆపిన చోటు నుంచి ఎక్కాల్సిన ఎత్తు వెయ్యి అడుగుల పైచిలుకు. అలిపిరి నుంచి తిరుమలకి నడిచినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆ ఎక్కుడులో ఇది సగం కూడా కాదు. దారి పొడవునా చాలాచోట్ల రాతి మెట్లు పేర్చారు. నీడ మాత్రం ఎక్కడా లేదు. అందుకే పొద్దున్నే ఎక్కమంటున్నాను. పైగా ఆ పార్కింగ్ చిన్నది, తొమ్మిదయితే నిండిపోతుంది.

మెట్లు ఎక్కేటప్పుడు కాళ్ళ కింద రాయిని చూడండి. మొదట్లో చుట్టూ లేత గోధుమ రంగులో, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పెద్ద పెద్ద బండలు. అది మోంజోగ్రానైట్, గ్రానైట్‌లో ఒక రకం. సుమారు 10 కోట్ల ఏళ్ళ క్రితం భూమి లోపల కరిగిన రాయిగా ఉండి, పైకి రాకుండానే చల్లారి గట్టిపడింది. గట్టిపడ్డాక దానిలో నిలువుగా, అడ్డంగా పగుళ్ళు పడ్డాయి. అప్పట్లో ఇక్కడ ఇప్పటికన్నా వానలు ఎక్కువ. నీళ్ళు ఆ పగుళ్ళలోకి దిగి రాయిని కొంచెం కొంచెంగా తిన్నాయి. మూలలు రెండు వైపుల నుంచీ అరుగుతాయి కాబట్టి ముందు అవే పోతాయి. అలా నలుచదరపు దిమ్మెలు నేల లోపలే గుండ్రాలయ్యాయి. తర్వాత వాతావరణం ఎండిపోయింది. అప్పుడప్పుడు వచ్చిన వరదలు పై మట్టిని కడిగేశాయి. బండలు మిగిలాయి.

హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళకి ఈ బండలు చూడగానే సొంత ఊరు గుర్తొస్తుంది. అందులో ఆశ్చర్యం లేదు, రెండు చోట్లా జరిగిన పని ఒకటే. మన ఖాజాగూడ గుట్టలు కూడా ఇలాగే పగుళ్ళలో నీళ్ళు దిగి, మట్టి కొట్టుకుపోయి బయటపడ్డ గ్రానైటే. వయసులో మాత్రం మనవి చాలా పెద్దవి, దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఇక్కడ ఆ బండల మీద గీత గీసినా రేంజరు వచ్చి జరిమానా వేస్తాడు. అక్కడ వాటికి మందుగుండు పెట్టి పేల్చి అపార్ట్‌మెంట్లు కట్టాం. 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ హైదరాబాదులో ఆ బండల కోసం పోరాడుతోంది. సెలవులకి వెళ్ళినప్పుడు పిల్లల్ని ఆ గుట్టల దగ్గరికి కూడా ఒక పూట తీసుకెళ్ళండి.

సరే, మళ్ళీ రయన్ మీదికి వద్దాం. పైకి వెళ్ళేకొద్దీ రాయి రంగు మారి ముదురుగా, చారలు చారలుగా కనబడుతుంది. ఆ రాయిని నైస్ (gneiss) అంటారు. పార్కులో ఉన్న రాళ్ళలో పాతది, 170 కోట్ల ఏళ్ళ నాటిది. కింద గుండ్రటి బండలైన కరిగిన రాయి వచ్చి చొరబడింది ఇలాంటి పాత రాతిలోకే. అంటే ఆ బండలకి ఒకప్పుడు పైకప్పు ఇది. గంటలో మనం ఆ పైకప్పు మీద నిలబడతాం.

పైన గాలి బాగా కొడుతుంది, జాకెట్ తీసేయకండి. చుట్టూ లాస్ట్ హార్స్ లోయ, క్వీన్ లోయ. ఉత్తరాన బండల గుట్టలు కిక్కిరిసిన వండర్‌లాండ్ ఆఫ్ రాక్స్. పడమట శాన్ గొర్గోనియో, దానికి దక్షిణంగా శాన్ జసింటో. ఆ రెండు పర్వతాల వల్లే ఇక్కడ ఎడారి ఉంది. పసిఫిక్ నుంచి వచ్చే తేమగాలి ఆ కొండలెక్కుతూ చల్లబడి, ఆ వైపునే వాన కురిపించేస్తుంది. ఇటు దిగేసరికి గాలిలో ఏమీ మిగలదు. పార్కు ఉత్తరపు అంచున ట్వెంటీనైన్ పామ్స్ ఊళ్ళో ఏడాదికి సగటున 110 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కరువు సీమ అని మనం చెప్పుకునే అనంతపురంలో సుమారు 550. అనంతపురం వానలో అయిదో వంతుతో ఇక్కడ ఇన్ని ప్రాణాలు బతుకుతున్నాయి.

కింద లోయ నిండా చుక్కలు చుక్కలుగా కనబడేవి జాషువా చెట్లు. పేరుకి చెట్టు గానీ, అది యక్కా జాతి మొక్క. కాండంలో వయసు చెప్పే వలయాలు ఉండవు. ఏడాదికి అర అంగుళం నుంచి మూడు అంగుళాల దాకా పెరుగుతుంది, అంతే. మన ఎత్తు ఉన్న చెట్టు కనబడితే అది మనకన్నా పెద్దదే అయి ఉండొచ్చు, నమస్కారం పెట్టండి. అది బాగా పూయాలంటే చలికాలంలో గడ్డకట్టే చలి తగలాలి, సమయానికి వాన కూడా పడాలి. ఆ చలి ఎత్తులోనే దొరుకుతుంది. అందుకే అది ఎగువ ఎడారి వదిలి కిందికి రాదు.

దాని పువ్వుని పరాగసంపర్కం చేసే జీవి ఒక్కటే, యక్కా మాత్ అనే చిన్న పురుగు. తేనెటీగ వల్ల కాదు, గాలి వల్ల కాదు. ఆడ పురుగు ఒక పువ్వులో పుప్పొడి సేకరించి, ముద్దగా చేసి, తల కింద పట్టుకుని ఇంకో పువ్వు దగ్గరికి ఎగురుతుంది. అక్కడ అండాశయంలో గుడ్లు పెడుతుంది. తర్వాత ఆ పుప్పొడిని తీసుకెళ్ళి సరిగ్గా కీలాగ్రం మీద రాస్తుంది. తేనె తాగడానికి వచ్చి పొరపాటున అంటించడం లాంటిది కాదు ఇది, పనిగట్టుకుని చేస్తుంది. పుట్టిన పిల్లలు కొన్ని గింజలు తింటాయి, మిగతావి చెట్టుకి. ఆ పురుగు లేకపోతే జాషువా చెట్టుకి గింజ లేదు. ఆ చెట్టు లేకపోతే పురుగుకి పిల్లల్ని పెంచే చోటు లేదు. ఫిబ్రవరి, మార్చిలో వెళ్తే, ఆ ఏడు పూత ఉంటే, తెల్లటి గుత్తుల్లోకి టార్చ్ వేసి ఓపిగ్గా చూడండి. తాకకండి.

ఈ ఎడారిని కాపాడిన మనిషి గురించి కూడా చెప్పాలి. మినర్వా హామిల్టన్ హోయ్ట్. మిసిసిపీలో పుట్టి పెళ్ళయ్యాక పాసడీనాలో స్థిరపడ్డారు. భర్తనీ, పసిబిడ్డనీ పోగొట్టుకున్న దుఃఖంలో ఆవిడకి ఎడారి ఊరటనిచ్చింది. 1920లలో తోటల అలంకరణ కోసం జనం ట్రక్కుల్లో వచ్చి నాగజెముళ్ళు, జాషువా చెట్లు పెకలించుకుపోతుంటే ఆవిడ ఊరుకోలేదు. ఎడారి మొక్కలతో న్యూయార్క్, బోస్టన్, లండన్‌లలో ప్రదర్శనలు పెట్టారు. 1930లో ఎడారుల రక్షణకి ఒక సంఘం స్థాపించారు. ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ప్రభుత్వాన్ని ఒప్పించి 1936లో మాన్యుమెంట్ ప్రకటన సాధించారు. పార్కు పడమటి భాగంలో ఒక శిఖరానికి ఇప్పుడు ఆవిడ పేరుంది. మనం కారు ఆపి ఫోటో తీసుకునే ప్రతి జాషువా చెట్టు దగ్గరా ఆవిడ కష్టం ఉంది.

రయన్ దిగేసరికి పదవుతుంది. కారు దగ్గరే పులిహోర తినేయండి. అక్కడి నుంచి కీస్ వ్యూ దగ్గరే. 5,185 అడుగుల ఎత్తున్న గట్టు ఇది, కారు పైదాకా వెళ్తుంది. పావు మైలు దారి, అంతే. కానీ అక్కడి నుంచి కిందికి చూస్తే ఒకే చూపులో అయిదు వేల అడుగుల లోతు. దిగువన కోచెల్లా లోయ. దాని అవతల సాల్టన్ సీ, సముద్రమట్టానికి రెండు వందల అడుగులకి పైగా కింద ఉన్న సరస్సు. 1905లో కొలరాడో నది సాగునీటి కాలువ గట్టు తెంచుకుని రెండేళ్ళ పాటు ఆ పల్లంలోకి పారితే ఏర్పడింది. లోయలో పొడవుగా సాగిన మట్టి గుట్టల వరస చూడండి, శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ అక్కడే, భూమి పైపొరలోని రెండు పెద్ద ఫలకాలు కలిసే పగులు అది. మనం నిలబడ్డది ఉత్తర అమెరికా ఫలకం మీద. అవతల శాన్ జసింటో ఉన్నది పసిఫిక్ ఫలకం మీద, అది ఏటా సుమారు రెండు అంగుళాలు వాయవ్యానికి జరుగుతోంది. కొన్ని రోజులు అక్కడ ఏమీ కనబడదు, బూడిద రంగు తెర ఉంటుంది. అది పొగమంచు కాదు, మన లాస్ ఏంజిలిస్ పొగ. దీని సంగతి మళ్ళీ చెబుతాను.

బాగా నడవగలిగినవాళ్ళు ఉంటే కీస్ వ్యూ దారిలోనే లాస్ట్ హార్స్ గని ఉంది. రానూపోనూ నాలుగు మైళ్ళు. 1894 నుంచి 1931 మధ్య అక్కడ 10,000 ఔన్సుల బంగారం, 16,000 ఔన్సుల వెండి తీశారు. గనికి నీళ్ళు కావాలి. పొద్దున మనం ఎక్కిన గుట్టకి ఏ రయన్ల పేరుందో, వాళ్ళే కింద తమ బావి నుంచి 3.5 మైళ్ళు పైపు వేసి ఆవిరి యంత్రంతో పైకి తోడారు. ఆ యంత్రానికి వంటచెరకుగా చుట్టుపక్కల జూనిపర్లు, పైన్ చెట్లు నరికారు. నూరేళ్ళు దాటినా ఆ వాలుల మీద చెట్లు సరిగ్గా తిరిగి రాలేదు. వెళ్తే గమనించండి.

ఇప్పుడు కిందికి దిగాలి. పింటో బేసిన్ రోడ్డు మీద కాటన్‌వుడ్ దాకా ముప్ఫై మైళ్ళు. పిల్లలకి ఒక పని అప్పజెప్పండి: చివరి జాషువా చెట్టు ఎక్కడ కనబడిందో చెప్పమనండి. వాళ్ళు కిటికీ వదలరు. ఒక మలుపు తర్వాత చెట్లు పలచబడతాయి, ఇంకో మలుపు తర్వాత ఒక్కటీ ఉండదు. నేలంతా క్రియోసోట్ పొదలు పరుచుకుంటాయి. వాన పడ్డాక ఎడారి వాసన అని అందరూ చెప్పేది ఆ ఆకుల వాసనే.

దారిలో చోయా కాక్టస్ తోట ఉంది. సాయంత్రపు వెలుగులో దూది పట్టినట్టు మెత్తగా కనబడుతుంది, అది నమ్మకండి. ఆ ముళ్ళకి కంటికి కనబడని కొక్కేలుంటాయి. కాయ తుంపు కాలికో బూటుకో అంటుకుంటే చేత్తో పీకకూడదు, చెయ్యీ ఇరుక్కుంటుంది. బ్యాగులో ఒక దువ్వెన పెట్టుకోండి. దువ్వెన పళ్ళు దాని కిందికి పోనిచ్చి ఎగదన్నితే ఊడిపోతుంది. చిన్న పిల్లల్ని అక్కడ చెయ్యి పట్టుకునే నడిపించండి.

మధ్యాహ్నం రెండున్నరకి కాటన్‌వుడ్ చేరితే రెండో గుట్టకి సమయం సరిపోతుంది. మాస్టడాన్ పీక్, 3,371 అడుగులు. చుట్టి వచ్చే దారి మూడు మైళ్ళు, ఎక్కుడు నాలుగు వందల అడుగుల లోపే. దారి కాటన్‌వుడ్ ఊట దగ్గర మొదలవుతుంది. కవీయా తెగవాళ్ళు శతాబ్దాలుగా నీళ్ళకి వచ్చిన చోటు ఇది. వాళ్ళు గింజలు దంచుకున్న రాతి రోళ్ళు ఆ బండల మీద ఇంకా ఉన్నాయి. నీళ్ళున్న ఆ కొంచెం చోటులో ఫ్యాన్ పామ్ చెట్లు, మన తాటాకుల్లాంటి ఆకులతో. కాలిఫోర్నియా సొంత పామ్ చెట్టు ఇదొక్కటే. నగరాల్లో మనం చూసే మిగతా రకాలన్నీ బయటి నుంచి తెచ్చి నాటినవి.

పైకి వెళ్ళేముందు పాత బంగారు గని తగులుతుంది. జార్జ్ హల్సీ అనే ఆయన 1919 నుంచి 1932 దాకా నడిపాడు. గని గుంతల దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి. శిఖరం చివరి ముప్ఫై నలభై అడుగులు బండలే. చేతులు ఆన్చి ఎక్కాలి, వెనక వైపు నుంచి తేలిక. అలవాటు లేనివాళ్ళు అక్కడే ఆగిపోయినా నష్టం లేదు, దృశ్యం దాదాపు అంతా కనబడుతుంది. దక్షిణాన సాల్టన్ సీ మళ్ళీ కనబడుతుంది, ఈసారి దగ్గరగా. పొద్దున చూసిన శాన్ జసింటో పడమట ఉంటుంది. చుట్టూ ఒక్క జాషువా చెట్టు లేదు. పొద్దున రయన్ మీద వేసుకున్న జాకెట్ ఇప్పుడు నడుముకి కట్టి ఉంటుంది. రెండు గుట్టలకీ మధ్య తేడా రెండు వేల అడుగులు.

ఇప్పుడు నన్ను బాధపెట్టే విషయం చెప్పాలి. ఎండలు పెరుగుతున్న కొద్దీ జాషువా చెట్టుకి కావలసిన చలి పైపైకి జరుగుతోంది. పార్కులో దిగువ అంచుల్లో ముసలి చెట్లున్నాయి గానీ పిల్లచెట్లు తక్కువ. వేడి పెరిగాక అవి మిగలగలిగేది కొంచెం ఎత్తైన, కొంచెం చల్లటి చోట్లలోనే అని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. కానీ చెట్టు నడవదు, దాని గింజ ఎక్కువ దూరం పోదు. పురుగు కూడా తోడు రావాలి. పైగా మన గుట్టలు 5,800 అడుగుల దగ్గర ఆగిపోతాయి.

దానికి తోడు మంటలు. పాతకాలపు ఎడారిలో పొదకీ పొదకీ మధ్య ఖాళీ నేల ఉండేది, పిడుగు పడ్డా మంట అక్కడికక్కడే ఆరిపోయేది. ఇప్పుడా ఖాళీల్లో బయటి నుంచి వచ్చిన గడ్డి పెరుగుతోంది. కీస్ వ్యూలో కనబడిన పొగ తెర గురించి మళ్ళీ చెబుతానన్నాను కదా. మన కార్ల పొగలోని నైట్రోజన్ గాలితో ఇక్కడికొచ్చి నేల మీద పడి, ఆ గడ్డికి ఎరువవుతోంది. గడ్డి ఎండితే మంటకి దారి. 2020 ఆగస్టులో ఇక్కడికి ఉత్తరాన మొహావీ నేషనల్ ప్రిజర్వ్‌లో పిడుగు పడి డోమ్ ఫైర్ రేగింది. దాదాపు 13 లక్షల జాషువా చెట్లు కాలిపోయాయని అంచనా. 2023లో కాలిఫోర్నియా ఈ చెట్టుని కాపాడటానికి ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. అంటే పరిస్థితి ఎంతవరకు వచ్చిందో ఊహించండి. అందుకే అడవిలో నిప్పు విషయంలో, ఎక్కడ అడుగేస్తున్నామన్న విషయంలో నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను. దారి వదిలి నడిస్తే నేల మీద నల్లటి పెచ్చులా కనబడే పొర విరిగిపోతుంది. అది సూక్ష్మజీవులు కట్టుకున్న పొర, మట్టిని గాలికి ఎగిరిపోకుండా పట్టి ఉంచుతుంది. ఒక అడుగుకి విరిగింది తిరిగి కట్టుకోవడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది.

ఏర్పాట్ల విషయానికొస్తే, మనిషికి కనీసం నాలుగు లీటర్ల నీళ్ళు. చలికాలంలో దాహం తెలియదు, అయినా తాగాలి, పిల్లల చేత తాగించాలి. పార్కు మధ్యలో ఎక్కడా నీళ్ళు దొరకవు, ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఎంత దూరం వెళ్ళినా, అనుకున్న టైముకి వెనక్కి తిరగాలని బయల్దేరేముందే అందరూ మాట అనుకోండి.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా... వాళ్ళ అత్తగారు మార్చి దాకా ఇక్కడే ఉంటారట, మోకాళ్ళ నొప్పులట, తీసుకెళ్ళొచ్చా అని అడుగుతున్నారు. తప్పకుండా తీసుకెళ్ళండి. మీలో ఒకరు పిల్లలతో రయన్ ఎక్కండి. ఇంకొకరు ఆవిడతో దగ్గర్లోనే ఉన్న క్యాప్ రాక్ చుట్టూ నడవండి, అర మైలు లోపే, చదునుగా ఉంటుంది, వీల్‌చైర్ కూడా వెళ్తుంది. కీస్ వ్యూకి అందరూ కలిసి వెళ్ళొచ్చు. సాయంత్రం మీరు మాస్టడాన్ ఎక్కేటప్పుడు ఆవిడ కాటన్‌వుడ్ ఊట దగ్గర నీడలో కూర్చోవచ్చు, అక్కడ పక్షులు బాగా వస్తాయి. దిగేటప్పుడు కారులో ఆవిడని ముందు సీట్లో కూర్చోబెట్టండి. చివరి జాషువా చెట్టు ఎక్కడుందో ఆవిడ కూడా చూడాలి కదా.